చెవి అరువు

నాలుగున్నరకే లేచి, గిన్నె చప్పుడు కాకుండా కాఫీ కాచాను.
చప్పుడైందో లేదో నాకెలా తెలుస్తుంది,
అలవాటు, అంతే.
పొరుగింటి ఓలీటా అప్పటికే మెట్ల మీద ఉంది.
వాళ్ళన్న చొక్కా, మోకాళ్ళ దాకా బూట్లు,
జడకి ఎర్ర రిబ్బను.

"ఎరుపు పనికిరాదమ్మా," అన్నాను. "తెలుపు, నీలం కూడా.
పుంజు తల ఆ మూడు రంగులే.
పొదల్లో ఎవడైనా తొందరపాటు మనిషి ఉంటే
నీ జడ చూసి తుపాకీ ఎత్తుతాడు."
విప్పి నా చేతిలో పెట్టింది.
జేబులో వేసుకున్నాను, తూటాల పక్కన.

ఓజార్క్ కొండల్లో ఏప్రిల్ అంటే
చలి పోయిందని ఒట్టేసి చెప్పలేని నెల.
ఓక్ చెట్లకి ఇంకా ఆకు రాలేదు.
డాగ్‌వుడ్ మాత్రం ఆగలేక పూసేసింది,
ఎవరో రుమాళ్ళు ఆరేసి చీకట్లో మరిచిపోయినట్టు.

నలభై రెండు వసంతాలు ఈ గట్టు మీదే కూచున్నాను.
మైలు అవతల టర్కీ పుంజు కూస్తే
ఏ చెట్టు, ఏ కొమ్మ, మొహం ఎటు తిప్పి కూసిందో చెప్పేవాణ్ణి.
తరవాత రంపపు మిల్లు ఇరవయ్యేళ్ళు తినేసింది.
ఇప్పుడు నా చెవుల్లో ఒకటే కీచురాయి,
మంచు కురిసినా చావని కీచురాయి.
ఒక్కోసారి కూత వినబడుతుంది. ఎటునుంచో తెలీదు.
అడవంతా ఒక్కసారే కూసినట్టుంటుంది.

అందుకే ఈ పదకొండేళ్ళ చెవుల్ని అరువు తెచ్చుకున్నాను.
వినబడ్డ వైపుకి నా మోకాలి మీద వేలితో గీత గియ్యాలి.
మాట వద్దు. తల తిప్పొద్దు.
దోమ కుడితే దోమదే గెలుపు.

గుడ్లగూబలా కూశాను.
వేలు వెంటనే గీసింది: వాగు వైపు.
మళ్ళీ గీసింది, గట్టిగా.
దేవదారు పెట్టెకి సుద్ద రాసి మూత జరిపాను.
పెట్ట గొంతు. కొంచెం బతిమాలు, కొంచెం బెట్టు.

ఇక్కడ ఒక మోసం ఉంది, ఒప్పుకోవాలి.
వాళ్ళ లోకంలో పిలిచేది పుంజు, నడిచెళ్ళేది పెట్ట.
మనం పెట్ట గొంతు పెట్టుకుని, నువ్వే రా, అంటాం.
తాతలనాటి ఆచారం తిరగెయ్యమంటాం.
వాడు నూరు గజాల అవతల ఆగిపోవడం
అనుమానం కాదు, మర్యాద.
తోక విప్పి నిలబడతాడు: ఇక్కడే ఉన్నాను, కనబట్టం లేదా?
గంట. గంటన్నర.
వాడి కన్ను నా కన్ను కన్నా మంచిది.
ఓపిక దగ్గర మాత్రం సరిసమానం.

వేలు గీస్తూనే ఉంది. వాగు. వాగు. గట్టు కింద.
తరవాత ఆగిపోయింది.

చాలాసేపు.
కాలు తిమ్మిరెక్కింది. కళ్ళు మాత్రం తిప్పి పిల్లని చూశాను.
చూపు ఎదురుగానే ఉంది, కానీ
ఒళ్ళంతా వెనక్కి వింటోంది.
మెడ మీద నూగు నిక్కబొడుచుకుంది.
నేలలోంచి ఒక అదురు నా వెన్నుకి తగిలింది,
పక్క గదిలో ఎవరో బీరువా జరిపినట్టు.
వినబడలేదు. తగిలింది.

వేలు కదిలి, మెల్లగా, నా మోకాలి మీద గీసింది.
వాగు వైపు.

నేను వాగు వైపే చూస్తూ కూచున్నాను.
డాగ్‌వుడ్ రేకు ఒకటి తుపాకీ గొట్టం మీద పడింది.

ఎనిమిదింటికి లేచాం. "వెళ్ళిపోయినట్టుంది," అంది.
"వెళ్ళిపోయే ఉంటుంది," అన్నాను.
మేం ఆనుకున్న చెట్టు వెనకాల, పదడుగుల్లో,
తడి మట్టిలో మూడువేళ్ళ అడుగులు,
వాటికి అటూ ఇటూ రెక్కలు ఈడ్చిన చారలు.
పిల్ల వాటి మీద బూటు వేసి నిలబడింది.
బూటు చాల్లేదు.

నా చెవిలో పువ్వు పెట్టింది.
పనికిరాని చెవి, పువ్వుకైనా పనికొచ్చింది.

దారిలో టోపీ నిండా పుట్టగొడుగులు ఏరాం.
వాళ్ళమ్మ వెన్నలో వేయిస్తుందట, ఇంకా ఏదేదో చెబుతూనే ఉంది,
సగం అందింది.
గేటు దగ్గర రిబ్బను తీసిచ్చాను.
కట్టుకుంటూ అడిగింది,
"వేట ఇంకా ఎన్ని రోజులుంది?"
"పదమూడు," అన్నాను.
వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
చాలక, నావి మూడు అరువడిగింది.